స్టేజీ మీదకి పిలిచేది మీ చుట్టాన్నే

(విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్ సంఘాల సాంస్కృతిక కమిటీల వాళ్ళు, స్కూలు ఫంక్షన్లు చూసుకునే టీచర్లు కలిసిన ఒక సభలో ఒక వృత్తి మెజీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, పరవాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఏ ప్రోగ్రాంలోనైనా నేను మొదట అనే మాట ఇదే. ఎందుకో తర్వాత చెప్తాను.

పార్టీలకీ ఫంక్షన్లకీ మెజీషియన్‌నో మెంటలిస్ట్‌నో ఎలా మాట్లాడుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. సంతోషం. సన్నాయి మేళం మాట్లాడుకోవడం మనందరికీ వచ్చు. వంటవాళ్ళని మాట్లాడుకోవడం ఇంకా బాగా వచ్చు. ఎంతమందికి, పులిహోరా చక్రపొంగలా, సామాను ఎవరిది, వడ్డించేవాళ్ళు ఎంతమంది, అన్నీ అడుగుతాం. మెజీషియన్ దగ్గరికి వచ్చేసరికి రెండే ప్రశ్నలు. ఎంత తీసుకుంటారు? ఎంతసేపు చేస్తారు? అంతే, ఫోన్ పెట్టేస్తారు.

ఇవాళ మూడో ప్రశ్న ఒకటి మీ చేతిలో పెట్టి వెళ్దామని వచ్చాను. "మావాళ్ళలో ఎవర్ని స్టేజీ మీదకి పిలుస్తారు, పిలిచి వాళ్ళతో ఏం చేయిస్తారు?" పాడేవాళ్ళు వాళ్ళ గొంతుతో పాడతారు. డాన్సర్లు వాళ్ళ కాళ్ళతో ఆడతారు. మాకు మాత్రం మీ బాబాయి కావాలి, మీ పాప కావాలి, మీ ఆఫీసు మేనేజర్ కావాలి. మీ మనిషి చెయ్యి పట్టుకుని, ఆ మనిషి ఉంగరం అడిగి తీసుకుని, ఆ మనిషి మనసులో మాట అడిగి మా పని మేం చేస్తాం. అంటే నలుగురి ముందు మీ చుట్టాన్ని ఒక పరాయి మనిషికి అప్పగిస్తున్నారు. మరి అతను ఎలాంటివాడో తెలుసుకోవద్దా?

ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్తాను. నేను మొదలుపెట్టిన కొత్తల్లో, గాజువాక వైపు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టినరోజు. ముప్పైమంది పిల్లలు. మొదటి వరసలో నీలం చొక్కా వేసుకున్న కుర్రాడు కళ్ళార్పకుండా నా చేతులే చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళుంటాయేమో. అంత శ్రద్ధగా చూస్తున్నాడని వాణ్ణే పిలిచాను. మైకు వాడి నోటి దగ్గర పెట్టి, "గట్టిగా అబ్రకదబ్ర అను నాన్నా" అన్నాను. వాడికి నత్తి. "అ... అ..." దగ్గర ఆగిపోయాడు. పిల్లలు నవ్వారు. నేను టెన్షన్ పడుతున్నాడనుకుని "ఇంకా గట్టిగా" అన్నాను. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. వాడి కింది పెదవి వణకడం అడుగు దూరంలో నాకు కనిపించింది. మాట రాక వాడు పీల్చే ఊపిరి స్పీకర్లలోంచి సెల్లార్ అంతా వినిపించింది. రుమాలు మాయమైంది, చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం పరుగెత్తుకెళ్ళి వాళ్ళమ్మ కొంగులో మొహం దాచుకున్నాడు.

ప్రోగ్రాం అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. "ముందు నన్నొక్క మాట అడగాల్సింది బాబూ" అంది. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు నుంచి పిలిచినవాళ్ళతో పది నిమిషాలు కూర్చోకుండా నేను పెట్టె తెరవలేదు. ఎవరికి వినపడదు, ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఎవరింట్లో ఈమధ్యే మనిషి పోయారు, ఎవరికి నలుగురిలో నిలబడటం భయం, ఇవన్నీ అడుగుతాను. మంత్రం చెప్పించాలంటే హాలంతా కలిసి చెప్తారు. పైకి వచ్చిన పిల్లాడు పెట్టె పట్టుకుంటే చాలు. మీరు మాట్లాడుకునే మెజీషియన్ ఈ ప్రశ్నలు తనంతట తను అడిగాడా, సగం నమ్మకం అక్కడే కుదిరినట్టు. అడగకపోతే మీరే చెప్పండి.

మెజీషియన్ వేరు, మెంటలిస్ట్ వేరా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. మన భాషలో మంచి మాట ఉంది, కనికట్టు. కంటిని కట్టేయడం. నాణెం, పేక, తాడు, రుమాలు, పెట్టె, ఇలా కళ్ళముందు వస్తువుతో జరిగేది మ్యాజిక్. మెంటలిస్ట్ దగ్గర సామాను తక్కువ. ఒక పలక, ఒక కవరు, ఒక పెన్ను. మీరు తలుచుకున్న పేరు, అంకె, పుస్తకంలో మీరు చూసి మూసేసిన మాట, అవి చెప్తాడు. చేసేది ఒకే మనిషి కావచ్చు, నేను రెండూ చేస్తాను. ఎవరికి ఏది పెట్టాలో తెలిస్తే చాలు. అయిదేళ్ళలోపు పిల్లలకి మెంటలిజం పట్టదు. మ్యాజిక్ కూడా అంతంతమాత్రమే. స్విచ్ వేస్తే లైటు వెలగడం, అరచేతిలో నాణెం మాయం కావడం ఆ వయసులో రెండూ ఒక్కటే. ఏది జరగకూడదో తెలిసినవాళ్ళకే జరిగినప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. మొదటి పుట్టినరోజుకి మెజీషియన్ ఎవరికోసం అంటే వచ్చిన పెద్దపిల్లల కోసం. ఆరు నుంచి పదేళ్ళ పిల్లలు మాకు బంగారం లాంటి ప్రేక్షకులు. పెద్దవాళ్ళు ఎక్కువగా ఉన్న పార్టీ, ఆఫీసు డిన్నర్, రిటైర్మెంట్ ఫంక్షన్, అక్కడ మెంటలిస్ట్ బాగుంటాడు.

మెంటలిజం కొత్త ఫ్యాషన్ అనుకోకండి. నా చిన్నప్పుడు పూర్ణామార్కెట్ దగ్గర గారడీవాళ్ళు వచ్చేవారు. తండ్రి కొడుకుని నేలమీద పడుకోబెట్టి దుప్పటి కప్పేవాడు. తను జనంలో తిరుగుతూ ఒకాయన జేబు ముట్టుకుని "సెప్పరా, ఈ బాబుగారి దగ్గర ఏటుంది?" అనేవాడు. దుప్పటి కిందనుంచి "గడియారం" అని వచ్చేది. అడిగే తీరులోనే జవాబు దాగి ఉంటుంది. ఆ రహస్య భాష కోసం ఆ తండ్రీకొడుకులు ఎన్ని రాత్రులు కూర్చుని సాధన చేశారో! వాళ్ళు అల్యూమినియం గిన్నెలో చిల్లర ఏరుకునేవారు. అదే విద్యని ఇవాళ ఏసీ హాల్లో సూటు వేసుకుని చేస్తున్నాం. ఇంకా వెనక్కి వెళ్తే మనకి విప్రవినోదులు ఉన్నారు. బ్రాహ్మణుల సభల్లో, పెళ్ళిళ్ళలో ఇంద్రజాలం చేసి సంభావన పుచ్చుకున్నవాళ్ళు. శుభకార్యానికి ఇంద్రజాలికుణ్ణి పిలవడం మన ఇళ్ళలో ఉన్నదే.

ఇప్పుడు గిరాకీ పెరిగిన మాట నిజం. మెంటలిస్ట్ సుహానీ షా గారి వీడియోలు చూడనివాళ్ళు తక్కువ. 2025లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఫిస్మ్ ప్రపంచ మ్యాజిక్ పోటీలు జరిగాయి. అక్కడ ఆవిడకి బెస్ట్ మ్యాజిక్ క్రియేటర్ బహుమతి వచ్చింది. అప్పటినుంచి నాకు వచ్చే ఫోన్లలో "మైండ్ రీడింగ్ చేస్తారా?" అనే మాట బాగా ఎక్కువైంది. దాని వెనకే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "అది శక్తేనా అండీ?"

కాదు. ఈ మాట స్టేజీ మీద కూడా చెప్తాను. మీకు అవధానం తెలుసు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు, చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఫలానా అక్షరం వాడొద్దని నిషిద్ధాక్షరి ఇస్తారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేస్తారు, ఒకరు గంట కొడుతుంటే అది లెక్కపెట్టుకోవాలి. చివర్లో అన్ని పద్యాలూ ధారణగా అప్పజెప్పాలి. అది నిజమైన ధారణ, దానికి నేను చేతులెత్తి నమస్కారం పెడతాను. మెంటలిస్ట్ పనిలో జ్ఞాపకశక్తి కొంత ఉంది, మనుషుల్ని గమనించడం కొంత ఉంది, మిగిలింది మా విద్య. అంటే ట్రిక్కు. ఎలా చేస్తామో చెప్పను. అది నా గురువుకిచ్చిన మాట. ట్రిక్కు అన్న సంగతి మాత్రం దాచను.

ఎంత తేలిగ్గా నమ్ముతామో చూడండి. ఇప్పుడు మీ అందరికీ జాతకం చెప్తాను. మీరు పైకి ధైర్యంగా కనిపిస్తారు గానీ లోపల చిన్న విషయాలకి కూడా టెన్షన్ పడతారు. అడిగినవాళ్ళకి సాయం చేస్తారు, మీకు అవసరం వచ్చినప్పుడు మాత్రం ఆ స్థాయిలో ఎవరూ చెయ్యలేదు. అదిగో, మూడో వరసలో ముగ్గురు తలూపారు. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టాడు. ఇది మీ ఒక్కరికోసమే రాసిన ఫలితం అని తలా ఒక కాగితం ఇచ్చాడు. అయిదుకి ఎంత సరిపోయిందో మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో మాటలు చాలావరకు దుకాణంలో దొరికే జాతకాల పుస్తకంలోవి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, షో అయ్యాక మా చుట్టూ జనం చేరతారు. "మావాడికి ఉద్యోగం ఎప్పుడొస్తుంది?" "పోయిన గొలుసు ఎక్కడుందో చెప్తారా?" ఒకసారి ఒక పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని, చనిపోయిన కొడుకు ఏమైనా చెప్తున్నాడా అని అడిగింది. ఆ నిమిషంలో ఏం మాట్లాడతాడన్నదే మెంటలిస్ట్‌కి అసలు పరీక్ష. "అమ్మా, నేను చేసేది వినోదం, నాకు అలాంటిదేం తెలియదు" అని ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నాను. విజిటింగ్ కార్డు ఇచ్చి "ఇంటికి రండి, చూద్దాం" అనేవాణ్ణి మీ గుమ్మం తొక్కనివ్వకండి. తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటితో రోగాలు నయం చేస్తామని ప్రకటించుకోవడం మీద 1954లోనే కేంద్రం చట్టం తెచ్చింది. హేతువాది బసవ ప్రేమానంద్ గారు జీవితమంతా ఊరూరా తిరిగి, బాబాల అద్భుతాలని తనే చేసి చూపించి, అవి హస్తలాఘవమని చెప్పారు. మన పట్టాభిరామ్ గారు మ్యాజిక్‌తో మొదలై మనస్తత్వశాస్త్రంలోకి వెళ్ళి ఎన్నో పుస్తకాలు రాశారు. 2025లో ఆయన పోయారన్న వార్త విన్నప్పుడు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు అనిపించింది. ఈ దారి వాళ్ళు వేసింది.

ఆఫీసుల వాళ్ళకి ఒక ముక్క. ఒక కంపెనీ వార్షికోత్సవానికి వెళ్ళాను. పేరు వద్దు. మొదలవడానికి అరగంట ముందు ఒకాయన నన్ను పక్కకి పిలిచి మడిచిన కాగితం ఇచ్చారు. ఎవరికి ఎవరితో పడదు, ఎవరు ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్నారు, ఇద్దరి మధ్య ఏదో ఉందని ఆఫీసులో అనుకుంటున్నారు, ఇలాంటివి. "ఇవి మీరు మనసు చదివినట్టు చెప్తే అదిరిపోతుంది" అన్నారు. కాగితం మడిచి ఆయన జేబులోనే పెట్టేశాను. షో బాగా జరిగింది, మిగతా డబ్బు మాత్రం పూర్తిగా రాలేదు. అయినా ఆ నిర్ణయం మీద నాకు రెండో ఆలోచన లేదు. ఆ కాగితంలో పేరున్న అమ్మాయి మర్నాడు అదే కుర్చీలో కూర్చుని పనిచెయ్యాలి కదా. అలాగే, ఫోన్ లాక్ నంబరు, ఏటీఎం పిన్ మైకులో చెప్పే ఐటమ్ ఉంటే వద్దనండి. చప్పట్లు బాగానే పడతాయి, ఆ నంబరు రెండువందల మందికి తెలిసిపోతుంది.

ఇప్పుడు హాలు సంగతి. ముందుకి రండి అన్నానే, దానికి కారణం ఇది. మ్యాజిక్ దూరం నుంచి చూసేది కాదు. మా చేతులకీ మొదటి వరసకీ మధ్య ఇరవై అడుగుల ఖాళీ ఉంటే ఆశ్చర్యం ఆ ఖాళీలో పడిపోతుంది. పిల్లల ఫంక్షన్ అయితే కుర్చీలు తీసేసి జంపఖానా పరవండి. పిల్లలు కింద, పెద్దవాళ్ళు వెనక. స్టేజీకి పక్కల నుంచీ వెనకనుంచీ ఎవరూ చూడకూడదు. ఈ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు, వీడియోవాళ్ళు మా వెనకే తిరుగుతుంటారు, వాళ్ళకి మీరే ముందు చెప్పాలి. వెనక ఎల్‌ఈడీ గోడ వెలుగుతుంటే మా చేతులు నల్లటి నీడల్లా ఉంటాయి, ఆ అరగంటా దాన్ని తగ్గించండి. చేతిలో పట్టుకునే మైకు ఇవ్వకండి. మాకు రెండు చేతులూ కావాలి. చెంపకి తగిలించుకునే మైకు అడగండి.

మన ఊరికి ప్రత్యేకంగా ఒక కష్టం ఉంది, సముద్రం. అందరూ బీచ్ రోడ్డులోనో రుషికొండ వైపో లాన్ కావాలంటారు. చూడ్డానికి చాలా బాగుంటుంది. ఒక సాయంత్రం అలాంటి లాన్‌లో నేను చేశాను. గాలికి పలచటి సిల్కు రుమాలు చేతిలోంచి ఎగిరి షామియానా తాడుకి చుట్టుకుంది. తేమకి పేకముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వేళ్ళతో విసనకర్రలా విప్పాల్సిన కట్ట రొట్టెముక్కలా వచ్చింది. నిప్పు ఐటమ్ మొదలే పెట్టలేదు, ఆ గాలిలో పెట్టకూడదు. సరిగ్గా అప్పుడే వెనక బఫే తెరిచారు. బిర్యానీ వాసన వచ్చాక ఎవర్ని ఏమని ఆపుతాం? అందుకే లాన్ అయినా సరే, షోకి మాత్రం గాలి తగలని మూల చూడండి, లేదా లోపలి హాల్లో పెట్టండి. కేక్ కటింగ్‌కీ భోజనాలకీ మధ్య నలభై నిమిషాలు మాకు కేటాయించి, ఆ నలభై నిమిషాలూ గిన్నెల మీద మూతలు ఉంచండి. రాత్రి పదింటి తర్వాత ఆరుబయట మైకు కుదరదు, రూల్సు ఒప్పుకోవు. ఏడున్నరకి మొదలైతే అందరికీ హాయి. చోటు లేదు, జనం తిరుగుతూనే ఉంటారంటారా, అప్పుడు స్టేజీ షో వద్దు. బల్ల బల్ల దగ్గరికీ వచ్చి ఆరుగురి మధ్య చేసే క్లోజప్ మ్యాజిక్ అడగండి. దానికి మైకు అక్కర్లేదు, స్టేజీ అక్కర్లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని కూడా అదే, ఎందుకంటే అవతలి మనిషి అరచేతిలోనే జరుగుతుంది.

టైము మధ్యలో కోసేస్తే ఏమవుతుందో చెప్పడానికి బెంగాలీ మెజీషియన్ పి.సి.సర్కార్ గారి కథ ఉంది. 1956లో బీబీసీ టీవీలో ఆయన ఒక అమ్మాయిని రంపంతో కోసే ఐటమ్ చేశారు. ఆ అమ్మాయి లేచి నవ్వకముందే ప్రోగ్రాం ముగిసిపోయింది. అమ్మాయి చనిపోయిందేమోనని బీబీసీకి ఫోన్లే ఫోన్లు. ఆయనకి దానివల్ల పేరు వచ్చింది. మీ ఫంక్షన్‌లో యాంకర్ వచ్చి "ఇంక చాలు" అంటే మాత్రం పిల్లలకి సగం కథే మిగులుతుంది. చివరి ఐటమ్ మొదలైతే పూర్తి కానివ్వండి.

డబ్బు గురించి త్వరగా చెప్పేస్తాను. ఒకరు వచ్చి బర్త్‌డేలో చేసేదానికీ, నలుగురు అసిస్టెంట్లతో పెద్ద పెట్టెలు తెచ్చి చేసేదానికీ పోలిక లేదు. హైదరాబాద్ నుంచి పిలిస్తే ఆ సామాను 600 కిలోమీటర్ల పైన వ్యాన్‌లో రావాలి, ఆ ఖర్చు మీదే. సగం అడ్వాన్సు అడగడం మామూలే. రీల్స్ చూసి బుక్ చెయ్యకండి. ఎక్కడా కట్ చెయ్యని పది నిమిషాల వీడియో అడగండి, వీలైతే అతని షో ఒకటి వెళ్ళి చూడండి. ఏ భాషలో చేస్తాడో అడగండి. మన ఊళ్ళో నేవీ కుటుంబాలు ఉంటాయి, స్టీల్‌ప్లాంట్‌లో అన్ని రాష్ట్రాల వాళ్ళూ ఉంటారు. తెలుగులోనే చేస్తే సగం హాలుకి మాట అందదు. పావురాలు, కుందేళ్ళు తెస్తానంటే రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ప్రదర్శనల్లో జంతువులని వాడాలంటే 2001 నుంచి రిజిస్ట్రేషన్ నిబంధనలు ఉన్నాయి. రామచిలుకని పంజరంలో పెట్టడమే నేరం. నేను జంతువులని వాడటం మానేసి చాలా ఏళ్ళయింది, పిల్లలు వాటికోసం ఒక్కసారి కూడా అడగలేదు.

అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తేదీ, టైము, చోటు, మైకు, జనం, అడ్వాన్సు. తుఫాను వస్తే ఏం చేద్దామో కూడా. నవ్వకండి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ వారంలో నాకు మూడు ప్రోగ్రాములు ఉన్నాయి. ఊరికి కరెంటు లేదు, నీళ్ళు లేవు, చెట్టన్నది నిలబడలేదు. ముగ్గురిలో ఇద్దరితో ఏ కాగితమూ లేదు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియక మొహమాటపడ్డాం. రాసుకున్న మూడోవారు నవంబరులో ఒక తేదీ చెప్పారు, వెళ్ళి చేశాను.

చివరగా ఒక్కటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. సీతమ్మధారలో ఒక షష్టిపూర్తి. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ముందురోజు వాళ్ళబ్బాయిని అడిగాను, నాన్నగారిని పిలవొచ్చా అని. "పిలవండి గానీ స్టేజీ ఎక్కించకండి, మైకు ఇవ్వకండి. ఆయన మాట్లాడరు" అన్నాడు. అందుకని నేనే కిందికి దిగి, ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చిన్న అట్టముక్క, పెన్సిలు ఇచ్చి, "మీరు ఎప్పటికీ మర్చిపోలేని అంకె ఒకటి రాయండి" అన్నాను. ఆయన వేళ్ళు బండబారి ఉన్నాయి, పెన్సిలు ఆ వేళ్ళలో అగ్గిపుల్లలా ఉంది. ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి ఉంచారు. నేను పలక మీద 17 అని రాసి తిప్పాను.

చప్పట్లేమీ లేవు. ఆయన పలక నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను ఎక్కిన మొదటి క్రేన్ నంబరు" అన్నారు. పక్కనున్న ఆవిడ "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదండీ" అంది. అప్పుడాయన మొదలుపెట్టారు. మొదటి రాత్రి వానలో ఇనుప నిచ్చెన ఎలా జారిందో, పైనుంచి ఓడల లైట్లు ఎలా కనిపించాయో, కిందకి చూడొద్దని మేస్త్రీ ఎలా అరిచాడో. మైకు లేకుండానే చెప్పారు. వెనకవాళ్ళు కుర్చీలు ముందుకి లాక్కున్నారు. నా దగ్గర ఇంకా మూడు ఐటమ్స్ ఉన్నాయి, వాటిని పెట్టెలో పెట్టేశాను. పలక తిరిగి ఇవ్వమని అడగలేదు.

ఆ వెనక అమ్మగారు ఇందాకటినుంచి చెయ్యెత్తి ఉన్నారు. మైకు అటు ఇవ్వండి బాబూ. అడగండమ్మా.